తుడవక ముందు చూడండి: స్పార్క్ ప్లగ్గు చెప్పే సాక్ష్యం

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఇల్లాలు గిన్నెనంతా కుమ్మరించదు. ఒక్క మెతుకు పట్టి చూస్తుంది. వైద్యుడు మందు రాయక ముందు నాలుక చాపమంటాడు, కనురెప్ప విప్పి చూస్తాడు. లోపలి సంగతిని బయటికి తెలిపే గుర్తు ఏదో ఒకటి ఉంటుందనీ, దానిని చదవగలవాడే నేర్పరి అనీ మన పెద్దలకు విదితమే. పెట్రోలు ఇంజనుకు అటువంటి మెతుకు, అటువంటి నాలుక, స్పార్క్ ప్లగ్గు. వేలెడంత ఉండే ఈ పరికరాన్ని మనలో చాలామంది పాడైతే పారవేసే వస్తువుగానే ఎరుగుదురు. అది ఒక సాక్షి అనీ, సాక్షిని విచారించకుండా పంపివేయడం తగదనీ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ తప్పు చేసినవారిలో రసాయనశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న నేనూ ఒకణ్ణి కనుక, ఈ మాట చెప్పే బాధ్యత నాపై మరింత ఉన్నది.

మైలో డబ్బాలోని పాఠాలు

పేరాక్ రాష్ట్రంలో, ఈపో నుండి క్వాలా కంగ్సార్ వెళ్ళే దారిలో సుంగై సిపుట్ అనే చిన్న పట్టణం ఉంది. మలయు భాషలో ఆ పేరుకు ‘నత్తల ఏరు’ అని అర్థం. చరిత్ర గ్రంథాలు ఈ ఊరిని 1948 నాటి అత్యవసర పరిస్థితి ఆరంభంతో ముడిపెట్టి చెబుతాయి. నాకు మాత్రం ఈ ఊరి పేరు వినగానే తుప్పు పట్టిన ఒక మైలో డబ్బా గుర్తుకు వస్తుంది.

మా నాన్నగారు అక్కడి రబ్బరు ఎస్టేటు వర్క్‌షాపులో మెకానిక్కు. ఆయన చదువుకున్నది తమిళ బడిలోనే అయినా, మా తాతగారు ఇంటివద్ద దిద్దించిన తెలుగు అక్షరాలను ఆయన జీవితాంతం విడువలేదు. బండ్ల నుండి తీసిన పాత ప్లగ్గులలో విశేషమైనవి కనిపిస్తే వాటిని ఆ డబ్బాలో దాచేవారు. ఒక్కొక్కదానికి దారంతో అట్టముక్క కట్టి, దానిపై తేదీ, బండి నంబరు, చివరకు తేలిన దోషం తెలుగులో రాసేవారు. విశ్వవిద్యాలయంలో చేరిన తరువాత నమూనాలను భద్రపరచి చీటీలు అంటించడం ఎలాగో మాకు ప్రత్యేకంగా బోధించారు. ఆ విద్యను మా వంటింటి అటక మీది డబ్బాలో అంతకు ముందే చూశానని నాకు ఆనాడు తోచలేదు.

నిప్పురవ్వ వెనుక రసాయనశాస్త్రం

విద్యుత్ రవ్వతో ఇంధనాన్ని మండించే పద్ధతి కొత్తది కాదు. 1860లో ఎటియెన్ లెన్వార్ నిర్మించిన గ్యాసు ఇంజనులోనే అది కనిపిస్తుంది. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థకు చెందిన గాట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానితో పనిచేసే ప్లగ్గును రూపొందించడంతో అది మోటారు వాహనాలకు స్థిరమైన సాధనమయింది. నడుమ ఒక ఎలక్ట్రోడు, దాని చుట్టూ అల్యూమినియం ఆక్సైడుతో చేసిన తెల్లని పింగాణీ, దాని వెలుపల మరలు ఉన్న ఉక్కు తొడుగు, ఆ తొడుగు నుండి వంగివచ్చిన మరొక ఎలక్ట్రోడు: స్థూలంగా ప్లగ్గు నిర్మాణం ఇంతే.

అయితే ఈ చిన్న వస్తువు పడే శ్రమ సామాన్యమైనది కాదు. నిమిషానికి 6000 సార్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 50 సార్లు ఇంధనం మండుతుంది. రెండు వేల డిగ్రీలు దాటిన జ్వాల ఒక క్షణం ముంచెత్తుతుంది. మరుక్షణం చల్లని గాలి, పెట్రోలు ఆవిరి వచ్చి తాకుతాయి. ఆ నడుమ పింగాణీ కొన సుమారు 450 నుండి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవాలి. అంతకన్న చల్లబడితే దానిపై పేరిన మసి కాలిపోదు. అంతకన్న వేడెక్కితే రవ్వ పుట్టకముందే ఆ కొన నిప్పుకణికలా మారి ఇంధనాన్ని అకాలంలో అంటిస్తుంది. కనుకనే ప్లగ్గులలో ‘వేడివి’, ‘చల్లనివి’ అనే భేదాలు ఏర్పడ్డాయి. పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి నెమ్మదిగా బయటికి పోతుంది; అది వేడి ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే చల్లని ప్లగ్గు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎన్‌.జి.కె., డెన్సో కంపెనీల గుర్తులలో అంకె పెరిగిన కొద్దీ ప్లగ్గు చల్లనిదవుతుంది. బాష్ గుర్తులలో అంకె పెరిగిన కొద్దీ వేడిదవుతుంది. మరలు సరిపోయినంత మాత్రాన ప్లగ్గు సరిపోయినట్లు కాదు.

రంగుల భాష

ఇక సాక్షి ఏమి చెబుతుందో చూద్దాము. పింగాణీ ముక్కు లేత గోధుమ వన్నెలోనో, బూడిద కలిసిన గోధుమ వన్నెలోనో ఉంటే ఆ సిలిండరు ఆరోగ్యంగా ఉన్నదని సాధారణంగా భావించవచ్చు.

పొడిగా, నల్లగా, వేలితో తాకితే అంటుకునే మసి ఉంటే అది పూర్తిగా కాలని కర్బనం. పెట్రోలు సంపూర్ణంగా దహనం కావాలంటే బరువు లెక్కన దానికి సుమారు 14.7 రెట్లు గాలి కావాలి. గాలి చాలనప్పుడు కర్బనం కొంత మసిగా, కొంత కార్బన్ మోనాక్సైడుగా మిగులుతుంది. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడం, చోకు తెరుచుకోకపోవడం, కార్బురేటరులో పెట్రోలు మట్టం పెరగడం, ఇంజను వేడెక్కేలోగానే ఆపివేసే పొట్టి ప్రయాణాలు, అవసరానికి మించి చల్లని ప్లగ్గు, ఇవన్నీ ఇందుకు కారణాలు కావచ్చు. కర్బనం విద్యుత్ వాహకం కావడంతో మసి పట్టిన పింగాణీ మీదుగా కరెంటు పక్కకు జారిపోయి రవ్వ పుట్టదు. ఇంకొక సంగతి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, అది ప్రాణాంతకం. మసి ప్లగ్గు ఉన్న బండిని మూసిన కారు షెడ్డులో నడిపించి పరీక్షించేవారు ఈ మాట మరువరాదు.

నలుపుతో పాటు తడి, నూనె మెరుపు ఉంటే కథ వేరు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో అది పిస్టను రింగులను దాటి కిందనుండి, లేదా వాల్వు గైడుల గుండా పైనుండి దిగిన ఇంజను ఆయిలు. తరుగుతున్నది పెట్రోలు మాత్రమే కాదు, ఇంజను ఆయిలు కూడా అని దాని తాత్పర్యం. ఆ ఆయిలు చాలాకాలం కాలితే గట్టి బూడిద పెంకు కడుతుంది. ఆయిలులో శుద్ధి కోసం కలిపే కాల్షియం, అరుగుదల నివారణకు కలిపే జింకు, ఫాస్ఫరసు సమ్మేళనాలు అక్కడ మిగిలిపోతాయి.

పింగాణీ సున్నం వలె తెల్లగా, బొబ్బలెక్కి, ఎలక్ట్రోడు అంచులు కరిగినట్లు ఉంటే అది అతి వేడికి చిహ్నం. ఇంధనం పలచబడటం, ఇన్‌టేకు గొట్టం వద్ద గాలి దూరడం, రవ్వ వేళకు ముందే పుట్టడం, ఇంజను చల్లబడకపోవడం, ప్లగ్గు తగినంత బిగించకపోవడం కారణాలుగా పరిశీలించాలి. ప్లగ్గు తన వేడిని సిలిండరు హెడ్డుకు అందజేసేది ఆ బిగింపు ద్వారానే. తెల్లని పింగాణీపై ఇసుక రేణువులంత వెండి చుక్కలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు. అవి పిస్టను నుండి కరిగి ఎగిరిన అల్యూమినియం బిందువులు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఆ చుక్కలు కనిపించాయంటే ఇంజను తనను తాను తినడం ఆరంభించిందన్న మాట.

నేను తుడిచివేసిన సాక్ష్యం

ఇంత తెలిసిన వాడు ఏమి చేశాడో ఇప్పుడు చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం ఉగాదికి కౌలాలంపూర్ నుండి సుంగై సిపుట్ వెళ్ళాను. మా మేనల్లుడు ఈపోలో ఒక కర్మాగారంలో ఉద్యోగి. తెల్లవారు జామున అయిదు గంటలకే తన పాత కప్చాయి మీద బయలుదేరుతాడు. ‘కప్చాయి’ అంటే ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. 1958లో హోండా వారు జపానులో విడుదల చేసిన సూపర్ కబ్ సంతతికి చెందిన చిన్న మోటారు సైకిలు. తోటలలో, చిన్న ఊళ్ళలో ఎన్ని కుటుంబాల బ్రతుకు దాని రెండు చక్రాలమీద సాగిందో లెక్క కట్టలేము.

పండుగనాడు అతడు ఒక ప్లగ్గు పట్టుకొని వచ్చి, “మామయ్యా, రెండు నెలల్లో ఇది మూడోది. బండి ఆగినప్పుడల్లా షాపులో కొత్తది వేసి పంపిస్తున్నారు. మళ్ళీ నల్లబడింది. ఒకసారి చూడండి” అన్నాడు. నేను చూడలేదు. చేతిలోకి తీసుకున్నాను, అంతే. వచ్చిన బంధువులతో మాట్లాడుతూనే పెట్రోలులో తడిపిన గుడ్డతో దానిని తుడిచాను, ఎమరీ కాగితంతో గీకాను, గ్యాపు సరిచేశాను. “ఇదిగో, కొత్తదానిలా ఉంది” అని తిరిగి ఇచ్చాను. బండి ఒక్క తన్నుకే కదిలింది. పనిమంతుడినని నాలో నేనే మెచ్చుకున్నాను.

మూడు వారాల తరువాత, తెలవారక ముందు, వాన తుంపరలో, ఈపో దారిలో ఆ ఇంజను బిగుసుకుపోయింది. వెనుక చక్రం ఒక్కసారిగా నిలిచిపోయి బండి పడిపోయింది. వెనుక వస్తున్న లారీ డ్రైవరు వేళకు బ్రేకు వేయడంవల్ల మా మేనల్లుడు మెడ ఎముక విరగడంతో బయటపడ్డాడు. మూడు నెలలు పనికి పోలేకపోయాడు. ఇంజను విప్పి చూస్తే రింగులు అరిగి ఉన్నాయి, సిలిండరు గోడ గీతలు పడి ఉంది, ఆయిలు దాదాపు లేదు. ఆ బండి పట్టేది లీటరుకు లోపు ఆయిలే. అది రోజూ కొంచెం కొంచెం కాలిపోతూనే ఉంది.

నేను తుడిచిన ఆ నలుపు పొడి నలుపు కాదు. గుడ్డకు జిడ్డుగా అంటిన సంగతి నాకు స్పష్టంగా జ్ఞాపకం ఉంది. డిప్‌స్టిక్కు ఒకసారి తీసి చూడమని ఆ ప్లగ్గు నాకు చెప్పింది. నా ప్రయోగశాలలో ఒక విద్యార్థి పరీక్షించక ముందే నమూనాను కడిగివేస్తే నేను క్షమించను. ఇంటివద్ద, నా సొంత మేనల్లుడి విషయంలో, నేను చేసినది అదే.

నాన్నగారు అప్పటికే గతించారు. ఆసుపత్రి నుండి వచ్చిన రాత్రి అటక మీది మైలో డబ్బా దింపి చూశాను. జిడ్డు నలుపు పేరిన ప్లగ్గు ఒకటి దొరికింది. అట్టముక్క మీద నాన్నగారి దస్తూరీలో ‘రింగులు అరిగినవి. నూనె చూడు’ అని ఉంది.

యంత్రాలు ఉండగా కన్ను ఎందుకు?

ఈనాటి కార్లలో ఆక్సిజను సెన్సారు గాలి, పెట్రోలు నిష్పత్తిని క్షణక్షణం సరిదిద్దుతుంది; దోషం వస్తే స్కానరు కోడు చూపిస్తుంది; ఇంకా ప్లగ్గు రంగులు చూడటం పాతకాలపు వైద్యం కాదా అని విజ్ఞులు కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మిశ్రమాన్ని కంప్యూటరు అదుపు చేసే ఇంజనులలో రంగుల భేదాలు మునుపటంత ప్రస్ఫుటంగా కనిపించవు. అయితే స్కానరు ‘పి 0301’ అని చూపినప్పుడు ఒకటవ సిలిండరులో ఇంధనం సరిగా మండటం లేదని మాత్రమే దానికి అర్థం. ఎందుకు మండటం లేదో ఆ అంకె చెప్పదు. నూనె దిగిందా, పింగాణీ పగిలిందా, ఎలక్ట్రోడు అరిగి గ్యాపు పెరిగిందా అన్నది ప్లగ్గు తీసి చూసినవాడికే తెలుస్తుంది.

మన రబ్బరు తోటల చరిత్రలోనే దీనికి చక్కని ఉపమానం ఉంది. పొగలో ఆరబెట్టిన రబ్బరు షీట్లను వెలుతురుకు ఎత్తిపట్టి, బుడగలు, మచ్చలు, బూజు చూసి ఒకటి నుండి అయిదు వరకు తరగతులుగా విభజించేవారు. మా అమ్మగారు ఎస్టేటు పొగయింట్లో ఆ పని చేశారు. మలినం కనిపించినచోట కత్తెరతో కత్తిరించేవారు. 1965లో మలేషియా ప్రామాణిక రబ్బరు పథకం వచ్చి, మలినం ఎంత, బూడిద ఎంత, నత్రజని ఎంత అని ప్రయోగశాలలో కొలిచి తరగతి నిర్ణయించే పద్ధతి ప్రవేశపెట్టింది. అది నిస్సందేహంగా పురోగతి. కాని ప్రయోగశాల అడిగిన ప్రశ్న మా అమ్మగారి కన్ను అడిగిన ప్రశ్నే: ‘ఇందులో ఉండకూడనిది ఏమున్నది?’ పరికరం ఆ ప్రశ్నకు అంకెలలో జవాబు ఇస్తుంది. ప్రశ్న అడగడమే మరచినవాడికి పరికరం ఎంత ఖరీదైనదైనా ప్రయోజనం లేదు. మా మేనల్లుడి బండికి మూడు ప్లగ్గులు మారాయి; ఒక్క ప్రశ్న కూడా పుట్టలేదు.

ఇప్పుడు మరొక ఇబ్బంది వచ్చింది. ఇరిడియం 2446 డిగ్రీల వద్ద గాని కరగని లోహం. దానితో చేసిన సన్నని కొనలు గల ప్లగ్గులు కార్లలో లక్ష కిలోమీటర్ల వరకు పనిచేస్తున్నాయి. మంచిదే. కాని అంతకాలం సాక్షి ముఖం చూడనక్కర లేదనే భ్రమ కూడా దానితో వచ్చింది. ప్లగ్గు అరగకపోవచ్చు, దాని చుట్టూ ఉన్న రింగులు, వాల్వులు అరగకుండా ఉండవు.

కన్ను కూడా మోసపోతుంది

రంగును చూసి తీర్పు చెప్పేవారికి వినయం ఉండాలి. ట్రాఫిక్కులో చాలాసేపు నిలిచి ఆపిన బండి ప్లగ్గుపై మసి ఉండవచ్చు. అది చివరి పది నిమిషాల కథ మాత్రమే. పింగాణీ పైభాగంలో, ఉక్కు తొడుగు అంచున కనిపించే గోధుమ వలయాన్ని చూసి లోపలి వాయువు కారుతున్నదని కొందరు భ్రమపడతారు. అది అధిక వోల్టేజి ప్రభావంవల్ల గాలిలోని నూనె రేణువులు అంటుకున్న మరక మాత్రమే.

ఇంధనం మారితే రంగులూ మారతాయి. పెట్రోలులో మాంగనీసు సమ్మేళనం కలిపిన చోట ప్లగ్గుకు ఎర్రని నారింజ పొడి పడుతుంది. అది దోషం కాదు. సీసం కలిపిన రోజులలో ప్లగ్గులపై పసుపు పూత మెరిసేది. 1921లో థామస్ మిడ్జ్‌లీ అమెరికాలో టెట్రాఇథైల్ లెడ్ గుణాన్ని కనుగొన్నాడు. సీసం సిలిండరులో పేరకుండా బ్రోమిను సమ్మేళనం కూడా కలిపారు. ప్లగ్గు మీద పేరని సీసం గొట్టం గుండా గాలిలోకి, అక్కడినుండి పిల్లల రక్తంలోకి చేరింది. భారతదేశం 2000లో ఆ పెట్రోలును విడిచింది. ప్రపంచంలో చిట్టచివరిగా అల్జీరియాలో దాని అమ్మకం 2021లో ఆగింది. మా నాన్నగారి డబ్బాలోని పసుపు ప్లగ్గులను చూసినప్పుడల్లా నాకు ఒక ఆలోచన కలుగుతుంది. ఎందరో మెకానిక్కులు ఆ పసుపును చూశారు, తుడిచారు, బండి నడిచిందని తృప్తిపడ్డారు. ఆ పసుపు ఎక్కడినుండి వచ్చింది, మిగతాది ఎక్కడికి పోతున్నది అని అడగవలసినవారు మా వృత్తివారు. మేము అడగడానికి చాలా ఆలస్యం చేశాము.

ఒక మనవి

ఈ సంచికను చదివే కుటుంబాలలో బండి లేని ఇల్లు అరుదు. మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించేవారిలో సగానికి మించినవారు మోటారు సైకిలు మీద ప్రయాణించేవారే. కనుక ఇది వేడుక కోసం నేర్చుకునే విద్య కాదు.

చేయవలసినది స్వల్పం. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే ప్లగ్గు విప్పండి. వేడిమీద విప్పితే అల్యూమినియం హెడ్డులోని మరలు చెడతాయి. విప్పే ముందు చుట్టూ ఉన్న దుమ్మును ఊదివేయండి, అది సిలిండరులో పడరాదు. తీసిన ప్లగ్గును తుడవవద్దు. పగటి వెలుతురులో చూడండి, ఫోటో తీయండి, తేదీ, కిలోమీటర్లు రాసి ఉంచండి. నాలుగు సిలిండర్ల కారయితే నాలుగు ప్లగ్గులనూ వరుస తప్పకుండా పక్కపక్కన ఉంచండి. నాలుగూ ఒకే రీతిలో చెడితే కారణం అందరికీ ఉమ్మడిగా ఉన్నచోట, అనగా గాలి, పెట్రోలు, సెన్సారుల వద్ద వెదకాలి. మూడు బాగుండి ఒకటి చెడితే కారణం ఆ ఒక్క సిలిండరులోనే ఉంది. మా శాస్త్రంలో పోలిక లేనిదే నిర్ణయం లేదు, ఇక్కడా అంతే. వర్క్‌షాపులో ప్లగ్గు మార్పించినప్పుడు పాతదానిని అడిగి తెచ్చుకోండి. అది మీ సొత్తు.

అన్నిటికన్న ముఖ్యం, ఆ పాత ప్లగ్గును పిల్లల చేతికి ఇవ్వండి. “ఇది ఎందుకు నల్లబడింది?” అని అడగండి. దహనం, వాహకత, ద్రవీభవన స్థానం అనే పాఠాలు వారి పుస్తకాలలో ఉండనే ఉన్నాయి. ఆ మాటలకూ ఇంటి ముందున్న బండికీ సంబంధం ఉన్నదని వారికి తెలియజెప్పేది మనమే. వీలైతే జవాబును తెలుగులో రాయించండి. మా నాన్నగారు రాసిన నాలుగు తెలుగు మాటలు నేను వేళకు చదివి ఉంటే మా ఇంట ఒక ఎముక విరిగేది కాదు.

ఇప్పుడు మా మేనల్లుడు ప్రతి ఆదివారం డిప్‌స్టిక్కు తీసి చూస్తాడు. ఆ మైలో డబ్బా అతని వద్దనే ఉంది. అందులో ఒక కొత్త ప్లగ్గు చేరింది. నేను తుడిచి మెరుగుపెట్టినదే అది. దానికి అట్టముక్క నేనే కట్టాను: ‘చూడక తుడిచినది’ అని రాశాను.